గడ్డి తిన్నదెవరు?

ఇప్పుడెవరైనా నన్ను చూసి "మీకు కాస్త అనుమానం ఎక్కువండీ" అంటే నేను నొచ్చుకోను. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో అది సుగుణం కిందే లెక్క. డెబ్భైలు ముగిసిపోతున్న ఆ రోజుల్లో నంద్యాలలో నీళ్ళు కలిపాడని పాలవాణ్ణి ఇల్లాలూ, చెంబు పెద్దదని ఇల్లాల్ని పాలవాడూ, దొంగచూపులు చూస్తున్నారని ఇద్దర్నీ ఎదురింటి ముసలాయనా అనుమానించుకుంటూ ఎంతో ప్రేమగా బతికేవాళ్ళు. ఒకరినొకరు నమ్మేసుకుని ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదేమో. ఇక మా వైపు ఎవడైనా చేయకూడని పని చేసి బాగుపడితే వాణ్ణి తిట్టడానికి ఒకటే మాట, "వాడు గడ్డి తిన్యాడు" అని. అలాంటి చోట నాకు దొరికిన మొట్టమొదటి ఉద్యోగం పశువుల గడ్డి పరీక్షించే ల్యాబులో. ఆళ్ళగడ్డలో మా అమ్మను ఎవరైనా "మీవోడు ఏం చేస్తాండాడు?" అని అడిగితే "నంద్యాల్లో గడ్డి చూస్తాండాడు" అని గర్వంగా చెప్పేది. వాళ్ళు "చూసి ఊరుకుంటాండాడా?" అని అడిగేవాళ్ళు.

ఉద్యోగమంటే పక్కా ఉద్యోగం కాదు. ఆరు నెలలు తాత్కాలికం. ఆ ఆరు నెలలూ గడిచాక మా పై అధికారి నా కాగితం మీద నాలుగు ముక్కలు మంచిగా రాస్తే ఖాయం, లేకపోతే తిరిగి ఆళ్ళగడ్డ బస్సు. ఆ నాలుగు ముక్కలు రాయవలసిన చెయ్యి ఎవరిదంటే, పీచు సారుది. ఆయన అసలు పేరు జీతాల రోజు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. బక్కపల్చటి మనిషి. మేతలో పీచు ఎంత ఉందో తేల్చడమే ఆయన బతుకు. ఇంట్లో చిక్కుడుకాయ కూర తింటూ కూడా ఈనె తీసి వెలుతురులో పెట్టి చూసేవారని వినికిడి. ల్యాబులో ప్రతి సీసా మీదా, లోపలున్న మందు ఎంతవరకు ఉందో ఆ మట్టానికి, పెన్సిలుతో ఒక గీత గీసి తారీఖు వేసేవారు. స్పిరిట్ సీసా మీదైతే గీతలు పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. బనగానపల్లె నుంచి ఒక తెలిసినాయన బుట్టెడు మామిడిపండ్లు పంపితే, "ఈయన పశువుల వేరుశెనగ చెక్క పరీక్షకు ఎప్పుడు పంపుతాడో చూడండి" అని బుట్టను వచ్చిన మనిషి తలమీదే వెనక్కు పంపారు. (ఆ బుట్ట వెళ్ళిపోతుంటే మా అటెండరు వాకిలి దాకా వెళ్ళి, వీధి మలుపు తిరిగేదాకా చూసి వచ్చాడు. అంత దుఃఖం నేను చావు ఇళ్ళలో కూడా చూడలేదు.)

ఆ అటెండరును మేం లిట్మస్ అన్న అనేవాళ్ళం. ఎప్పుడూ తాంబూలంతో పెదాలు ఎర్రగా ఉండేవి, సారు పిలిస్తే మాత్రం మొహం నీలంగా మారేది. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. స్పిరిట్ గీత కిందికి దిగినప్పుడల్లా "ప్రభువు తోడు సార్, గాలికి పోయింటాది" అని సాక్షిగా దేవుణ్ణే నిలబెట్టేవాడు. పీచు సారు దేవుణ్ణి ఏమీ అనలేక సీసా మూత వాసన చూసేవారు.

మేం చేసే పని కూడా చెబుతాను. భయపడకండి, వంటలాంటిదే. ఎండబెట్టి, పొడి చేసి, కొవ్వు తీసేసిన మేతను రెండు గ్రాములు తూచాలి. తూచేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, ఎందుకంటే "నీ ఊపిరి గూడా బరువేనప్పా, అది రైతు ఎందుకు మోయాల?" అనేవారు సారు. ఆ పొడిని పల్చటి ఆమ్లంలో అరగంట ఉడికించి, నూలుగుడ్డలో వడకట్టి, మరిగే నీళ్ళతో కడిగి, మళ్ళీ క్షారంలో అరగంట ఉడికించాలి. ఆవు కడుపులో కరిగేదంతా ఈ రెండింటిలో కరిగిపోవాలి. ఇంకా మొండికేసి మిగిలినదాన్ని మళ్ళీ కడిగి, స్పిరిట్‌తో తడిపి, ఆరబెట్టి, పింగాణీ మూసలో పెట్టి తూచి, ఎర్రటి కొలిమిలో బూడిద చేసి మళ్ళీ తూచాలి. మొదటి తూకానికీ రెండో తూకానికీ మధ్య ఎంత పోయిందో అదే పీచు. అంటే మిగిలిందాన్ని కాక పోయినదాన్ని రాసుకునే ఉద్యోగం. ఇది చెబితే మా అమ్మ "పోయినదాన్ని రాసుకునేదానికి జీతమెందుకిస్తాండార్రా?" అని అడిగింది.

ఇంకొక్క సంగతి తెలిస్తే చాలు, మిగతా కథంతా మీకు నల్లేరు మీద నడకే. ఆకులో పీచు తక్కువ, కాడలో ఎక్కువ. ఆకు నిండుగా ఉన్న చొప్ప పశువుకు ఒళ్ళు పట్టిస్తుంది. ఉత్త కాడలు తింటే కడుపు నిండుతుంది గానీ పక్కటెముకలు లోపలికి పోవు. అందుకని నంద్యాల అవతల ఉన్న ఒక పశువుల ఫారం వాళ్ళు జొన్నచొప్ప కొనేముందు మాకు మచ్చు పరీక్ష చేయించేవాళ్ళు, పీచు వాళ్ళు పెట్టుకున్న హద్దు దాటితే ఆ చొప్పవామి ముఖం చూసేవాళ్ళు కాదు.

నా ఉద్యోగానికి ఐదో నెల నడుస్తుండగా ఆ ఫారం నుంచి ఒక కాగితం వచ్చింది. ఆళ్ళగడ్డలో ఫలానా ఆయన వామిలోంచి మచ్చు తెచ్చి పరీక్షించండి అని. ఆ ఫలానా ఆయన పేరు చూడగానే నాకు చెమట పట్టింది. ఆయన మా మేనమామ. రైతుల దగ్గర చొప్ప కొని వాములు వేసి అమ్మేవాడు. నన్ను బీయస్సీ దాకా చదివించింది ఆయనే. అనుమానంలో మా సారుకు ఏమాత్రం తీసిపోడు. ప్రతి పొద్దునా ఒక కర్రతో వామి ఎత్తు కొలిచి, ఒక జానెడు దిగితే ఎదురుగా వామి వేసుకున్న ఆయన మీదకు పోట్లాటకు వెళ్ళేవాడు. ఎండకు చొప్ప అణుగుతుందని చెబితే "అణిగితే అన్ని పక్కలా అణగాల, నాదే ఎందుకు అణిగింది?" అనేవాడు.

"ఈయన మా మామ సార్" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు. మచ్చు తేవడానికి మామూలుగా లిట్మస్ అన్న పోవాలి గనక నాకెందుకులే అనుకున్నాను. ఆ వారమే ఆయనకు చలిజ్వరం వచ్చింది. (ప్రభువు కూడా నన్ను అనుమానించాడని నా అనుమానం.) సారు నా చేతికి ఒక గోనెసంచి, లక్క కడ్డీ, ఇత్తడి ముద్ర ఇచ్చి, వేళ్ళు మడిచి మరీ చెప్పారు.

"వామిలో పది చోట్ల తీయాల. పైనా, మధ్యలో, అడుగునా. జానెడు ముక్కలు కోసి, కలిపి, మూట గట్టి, ఆడనే ముద్ర వెయ్యాల. వాళ్ళింట్లో నీళ్ళు తాగగాకు. మజ్జిగ అస్సలు తాగగాకు. మజ్జిగతోనే మొదలయ్యాది అంతా."

ఆళ్ళగడ్డలో దిగి వామి దగ్గరికి పోగానే మామ నన్ను కావలించుకుని, ఎండకు పొడుగ్గా నవ్వుతున్న ఆకులున్న పక్క చూపించి "ఈడ తీసుకో అబ్బీ" అన్నాడు. నాలో అప్పటికప్పుడు ఒక పీచు సారు పుట్టుకొచ్చాడు. "లేదు మామా, పది చోట్ల తీయాల" అని నిచ్చెన వేసుకుని పైనా మధ్యలో అడుగునా అన్నీ లాగాను. మామ మొహం మాడ్చుకున్నాడు గానీ, నిజం చెప్పాలంటే ఆ వామిలో ఎక్కడ లాగినా ఆకే. వానకు తడవనీయకుండా, మంచుకు నాననీయకుండా పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్న చొప్ప అది. ముక్కలు కోసి, కలిపి, మూట కట్టాను. ఇక ముద్ర వేయాలంటే లక్క కరగాలి, లక్క కరగాలంటే అగ్గిపుల్ల గీయాలి. నేను జేబులోంచి అగ్గిపెట్టె తీశానో లేదో మామ దాన్ని లాక్కుని ఆమడ దూరం విసిరేశాడు. "వామి కాడ అగ్గిపెట్టె తీస్తావురా? నిన్ను ఎదురు వామోడు పంపినాడా?" అన్నాడు. సరే, ముద్ర బస్టాండులో వేద్దామనుకున్నాను.

పోయేవాణ్ణి పోతే బాగుండేది. మా అత్త వాకిట్లోకి వచ్చి "సంగటి చల్లారిపోతాండాది అబ్బీ" అంది. మజ్జిగ వద్దన్నారు, నీళ్ళు వద్దన్నారు, సంగటి సంగతి సారు ఎత్తలేదు కదా అని నా మనసు ఒక లా పాయింటు తీసింది. రెండు ముద్దలు రాగిసంగటి, పైన నాటుకోడి పులుసు. (మజ్జిగ కూడా తాగాను. ఇన్నేళ్ళ తర్వాత దాచడమెందుకు?) చేయి కడుక్కునేలోపు బస్సు హారను వినబడింది. ముద్ర జేబులోనే ఉండిపోయింది, నేను మూటతో పరుగెత్తి బస్సెక్కాను.

కిక్కిరిసిన బస్సు. నా ముందు సీట్లో ఒక అవ్వ, ఆమె కాళ్ళ దగ్గర దారిలో అడ్డంగా నిలబడి ఒక తెల్లమేక. కండక్టరు మేకకు టికెట్టు తీసుకోమన్నాడు. "అదేమన్నా సీట్లో కూసున్యాదా? నిలబడుకోనే గదప్పా వచ్చాండాది" అంది అవ్వ. "నిలబడినోళ్ళందరూ టికెట్టు తీసుకున్యారు అవ్వా, అడుగు" అన్నాడు కండక్టరు. బస్సులో సగం మంది అవ్వ వైపు, సగం మంది కండక్టరు వైపు చేరారు. గెలవలేక ఆ మనిషి కోపంగా వెనక్కు తిరిగేసరికి, కాళ్ళ మధ్య మూట గట్టిగా పట్టుకుని, జేబు మాటిమాటికీ తడుముకుంటూ నేను కనబడ్డాను.

"ఏందప్పా అది?"

"మచ్చు."

"ఏం మచ్చు? సారానా?"

బస్సు మొత్తం నా వైపు తిరిగింది. మేక కూడా తిరిగింది. చొప్ప అన్నాను. చొప్పను ఎవరైనా ఒళ్ళో పెట్టుకుని మోస్తారా అని ఎవరో అన్నారు. లోపల సీసాలుంటాయి, పైన చొప్ప కప్పుంటాడు అని ఇంకొకాయన తనకు అనుభవం ఉన్నట్టు చెప్పాడు. విప్పి చూపించేదాకా వదల్లేదు. కండక్టరు మోచేతి దాకా లోపలికి పెట్టి కెలికి, సీసా తగలక చాలా నిరాశపడి, "నిజంగానే చొప్పనే. నంద్యాల్లో చొప్ప లేదా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అవమానంతో మూతి గబగబా మళ్ళీ కట్టాను. ఎండ, సంగటి, కోడి పులుసు, మజ్జిగ, నలుగురూ కలిసి నా మీద కూర్చున్నారు. సిరివెళ్ళ దాటిందో లేదో కునుకు పట్టింది. నంద్యాల దగ్గరపడ్డాక లేచి, మూట సర్దుకుని దిగాను.

పరీక్ష మొదలైంది. పీచు ఎక్కువ వచ్చింది. కాస్త కూస్త కాదు, హద్దు దాటి అవతల ఊరు పొలిమేరకు చేరింది. సారు మొదట ఆమ్లాన్ని అనుమానించి కొత్తది కలిపించారు. మళ్ళీ అంతే. తర్వాత త్రాసును అనుమానించి రాళ్ళన్నీ తుడిపించారు. మళ్ళీ అంతే. జ్వరం నుంచి లేచొచ్చిన లిట్మస్ అన్నను, వడకట్టే గుడ్డలో పక్క గోదాములోంచి ఎగిరొచ్చే పత్తి పడనిచ్చావా అని అడిగారు. కొత్త గుడ్డతో మూడోసారి. అంతే. చివరికి నన్ను కళ్ళద్దాల పైనుంచి ఒక నిమిషం చూసి సంతకం పెట్టారు. కాగితం ఫారానికి పోయింది. ఫారం నుంచి "మీ చొప్ప మాకు వద్దు" అని మామకు పోయింది.

మామ నుంచి నాకు కాగితం రాలేదు, మామే వచ్చాడు. మొదటి బస్సుకు దిగి, ల్యాబు మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు.

"రేయ్! ఎవుని గడ్డి తింటివిరా?"

నేను చేతిలో మూసతో అలాగే బిగుసుకుపోయాను. సారు లోపలి గది నుంచి వచ్చారు.

"ఊరంతా చెప్పుకుంటిని. నా అల్లుడే నంద్యాల్లో చూచ్చాండాడు, నా చొప్పకు తిరుగు లేదని. ఎదురు వామోడు ఏం పెట్టినాడురా నీకు? మేనమామ అని గూడా చూడకపోతివే. సదివించినందుకా?"

అంత పెద్దమనిషి, వాములను చూసి తప్ప కన్నీళ్ళు పెట్టుకోని మనిషి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఉద్యోగం పోయినా ఫరవాలేదనిపించింది ఆ క్షణం. (మరుక్షణం ఫరవా ఉందనిపించింది, ఎందుకంటే సారు నా వైపు చూస్తున్నారు.)

"ఈయన నీకు మేనమామనా?" అన్నారు మెల్లగా.

"అవును సార్."

"నాకెందుకు చెప్పలేదు?"

ఇక నా కాగితం మీద ఏం రాస్తారో నాకు కళ్ళకు కట్టింది. కానీ పీచు సారు అనుమానం మామూలు మనుషుల అనుమానం కాదు. సొంత మామ సరుకును ఎవడూ ఊరికే చెడగొట్టడు గదా అని అది అక్కడే ఇంకో మెట్టెక్కింది. ఆయన మామకు కుర్చీ వేయించి, "అప్పా, నువ్వేమంటివి? గడ్డి తిన్యాడనా?" అని అడిగారు. "అవును సార్, తిన్యాడు" అన్నాడు మామ. "సరే. ఎవురో తినింటే తిన్న గుర్తులుండాల. చూద్దాం" అని, సామాన్ల గదిలోంచి మిగిలిన మూట తెప్పించారు. ఆ మాటను అలా మాట ప్రకారమే పట్టుకున్న మనిషిని నేను అంతకు ముందూ తర్వాతా చూడలేదు.

పేపరు పరిచి మూట బోర్లించి, పట్టకారుతో ఒక్కొక్క ముక్కా ఏరారు. ఆకు ఒక పక్క, కాడ ఒక పక్క. కాడల కుప్ప మోకాలంత లేచింది. ఆకు దోసెడు కూడా లేదు. "నా ఆకు యాడికి పాయ?" అని మామ కుర్చీలోంచి లేచాడు. సారు ఒక ఆకు ముక్క ఎత్తి వెలుతురులో పెట్టారు. "కత్తితో కోసిన అంచు నేరుగా ఉంటాది. ఇది కొరికిన అంచు" అన్నారు. తర్వాత సంచి మూతి దగ్గర నారల్లో చిక్కుకున్న మూడు తెల్లటి పోగులు లాగారు. పత్తేమో అన్నాను నేను ఆశగా. "మీ వెంట్రుకేమో సార్" అన్నాడు లిట్మస్ అన్న, చల్లగా. సారు గదిలో ఎగిరే పత్తి పోగొకటి పట్టుకుని ఒక బీకరులో, ఆ తెల్ల పోగొకటి ఇంకో బీకరులో వేసి, రెండింటినీ క్షారంలో ఉడకబెట్టారు. అరగంట మేం నలుగురం పొయ్యి చుట్టూ నిలబడ్డాం. పత్తి పత్తిలాగే ఉంది. తెల్లపోగు కరిగిపోయింది.

"మొక్కది కరగదు. జీవానిది కరుగుతాది. ఇది వెంట్రుక" అన్నారు సారు.

లిట్మస్ అన్న సంచి మూతి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మేక సార్. మా ఇంట్లో నాలుగుండాయి."

శాస్త్రం జీవం దాకా వచ్చి ఆగితే, ముక్కు దాన్ని మేక దాకా చేర్చింది. అందరూ నా వైపు తిరిగారు, సరిగ్గా ఆ రోజు బస్సులోలాగే. సారు నన్ను మొదట ఆమ్లంలో వేశారు.

"మేక యాడిది?"

"బస్సులో సార్. ముందు సీటు అవ్వది."

"మూట ఎందుకు విప్పితివి?"

"కండక్టరు సారా అనుకున్యాడు సార్."

"ముద్ర ఎందుకు లేదు?"

"వామి కాడ అగ్గిపుల్ల గీయనీయలేదు సార్." మామ తల ఊపి, "అది మాత్రం నిజమే" అన్నాడు.

తర్వాత క్షారం.

"మేక తింటాంటే నువ్వేం చేస్తాంటివి?"

"నిద్రపోతాంటి సార్. నాకు తెలీలేదు."

"పట్టపగలు నిద్ర ఎందుకొచ్చె?"

ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యా బాగా ఉడికింది. చివరికి "సంగటి తినింటి సార్" అన్నాను.

"యాడ?"

"మా ఇంట్లో తినక యాడ తింటాడు సార్?" అన్నాడు మామ నొచ్చుకుని. "నాటుకోడి పులుసు గూడా ఏసింటిమి. మజ్జిగ రెండు గ్లాసులు తాగినాడు."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకంటే మామను ఎక్కువ జాలిగా చూశారనిపించింది. నేను తప్పంతా ఒప్పుకుని, మామ కాళ్ళకు దండం పెట్టాను. నేను గడ్డి తినలేదని తేలిపోయింది గనక మామ నన్ను లేవనెత్తి భుజం తట్టాడు. కానీ ఆయన మొహంలో అనుమానం పోలేదు, దారి మార్చుకుందంతే. కాసేపు ఆలోచించి గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, బస్సులో అంత మంది మూటలుండగా ఆ మేక మా వోని మూటలోనే ఎందుకు మూతి పెట్టె? ఊరికే పెట్టలేదు. ఆ మేక ఎనక ఎవుడో ఉండాడు."

రెండోసారి మచ్చు తేవడానికి సారు స్వయంగా వచ్చారు, నన్ను వెంటబెట్టుకుని. తాగే నీళ్ళు ల్యాబు సీసాలో తెచ్చుకున్నారు, దాని మీద కూడా గీత ఉంది. ఆ సీసాలో ఏముందో, నా చొప్ప మీద ఏం చల్లుతాడో అని మామ ఆయన వెనకే తిరిగాడు. మూట ఊరి బయటికి మోసుకుపోయి, చుట్టుపక్కల గడ్డిపోచ లేని చోట లక్క కరిగించి ముద్ర వేశాం. తిరుగు బస్సులో ఆ మూట సారు ఒళ్ళో ఉంది. పీచు హద్దులోపలే వచ్చింది, ఫారం వాళ్ళు వామి మొత్తం తీసుకున్నారు, మామ ఎదురు వామి ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచాడు. ఇక నా ఆరో నెల ముగిసిన రోజు సారు నా కాగితం నా ముందే రాశారు. ఇంతా చేసి మూడే ముక్కలు. "నిద్రపోతాడు. అబద్ధం నిలబెట్టుకోలేడు. ఖాయం చేయవచ్చు."

ఆ కాగితం పట్టుకుని ఆ సాయంత్రం నేను సంతోషంగా ఉండవలసింది. ఉండలేకపోయాను. ఎందుకో మీకిప్పుడు చెబుతాను, పైన "మూట సర్దుకుని" అని గబగబా దాటేసిన మాట దగ్గరికి ఒకసారి వెనక్కు పోదాం. నేను నంద్యాల దగ్గరపడ్డాక లేవలేదు. అంతకు ఎంతో ముందే, నమిలే చప్పుడుకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరిస్తే మూట మూతి ఊడి ఉంది, మేక తల చెవుల దాకా లోపల ఉంది. దాన్ని అదిలిస్తే బస్సంతా మళ్ళీ నా వైపు తిరిగి నవ్వుతుందని, ముద్ర ఎందుకు వేయలేదని ఎవరైనా అడుగుతారని, కాలితో మెల్లగా నెట్టి చూశాను, కదల్లేదు. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, కళ్ళు మళ్ళీ మూసుకున్నాను. అది తృప్తిగా తిని తల తీశాక మూతి కట్టేసి, అందులో ఏం లోటు కనబడుతుందిలే అనుకున్నాను. మామ పరువూ నా ఉద్యోగమూ ఆ మూటలోనే ఉన్నాయని తెలిసి కూడా నవ్వులకు భయపడ్డాను. ఇరవై రెండేళ్ళ వయసులో మనిషి దేనికైనా తట్టుకుంటాడు గానీ బస్సులో నవ్వితే తట్టుకోలేడు.

ఏడేళ్ళ తర్వాత సారు రిటైరైన రోజు, పూలదండ చేత్తో పట్టుకుని ఆయన, ఆయన సంచి పట్టుకుని నేను బస్టాండుకు నడుస్తున్నాం. ఇక జీవితంలో అవకాశం రాదని, "సార్, ఆ రోజు బస్సులో..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఆయన నడక ఆపలేదు.

"తెలుసు" అన్నారు. "సంగటి తిన్నోనికి నిద్ర వచ్చాది, నిజమే. చెవి కాడ మేక నమిలితే మెలకువా వచ్చాది."

"మరి ఖాయం చేయవచ్చని ఎందుకు రాసినారు సార్?"

"అబద్ధం నిలబెట్టుకోలేవని గూడా రాసినా గదా. అది నిజమో కాదో చూస్తాంటి." రెండడుగులు వేసి, నా వైపు చూడకుండానే అన్నారు. "మేక వెంట్రుక అరగంటలో కరిగె. నీకు ఏడేండ్లు పట్టె. అయినా కరిగినావులే."

బస్సు కిటికీలోంచి ఆయన తన సంచి తీసుకుని, లోపల ఏమేమున్నాయో ఒకసారి సరిచూసుకుని, అప్పుడు చేయి ఊపారు. నేను బస్టాండులో ఏడ్చాను. చుట్టుపక్కల వాళ్ళు చూశారు, చూడనిచ్చాను.

మామకు మాత్రం చెప్పలేకపోయాను. చెబితే తిట్టేవాడని కాదు, ఆ మేక గురించిన అనుమానం ఆయనకు ఒక ఆస్తి అయిపోయింది. ముసలితనంలో మనుషుల పేర్లు మరిచిపోయాడు, వాములు అమ్మేసిన సంగతి మరిచిపోయాడు, నేను పోయి మంచం పక్కన కూర్చుంటే మాత్రం చేయి పట్టుకుని అడిగేవాడు. "మేక సంగతి ఏమన్నా తెలిసినాదా అబ్బీ?" "కనుక్కుంటాండా మామా" అనేవాణ్ణి. "ఇడిసిపెట్టగాకు. ఆ మేక ఎనక ఎవుడో ఉండాడు" అనేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నా ఇంట్లో నూనె సీసా మీద కూడా పెన్సిలు గీత ఉంటుంది, మా ఆవిడ దాన్ని తుడిచేసి ఇంకొంచెం కింద గీస్తుంటుందని నాకు అనుమానం. ఆళ్ళగడ్డ బస్సెక్కినప్పుడల్లా ఒళ్ళో సంచి మూతి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటాను, సిరివెళ్ళ రాగానే ముందు సీటు వైపు చూస్తాను, మామ మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆయన అనుమానాలన్నిటిలో అదొక్కటే నిజం. ఆ మేక వెనక నిజంగానే ఒకడున్నాడు, వెనక సీట్లో, కళ్ళు మూసుకుని.